సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్: మొదటి నెల పిల్లలకు ఏం చెప్పాలి?

డిగ్రీ_మాస్టారు | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా కాలేజీలో బీసీఏ రెండో సంవత్సరం వాళ్లకు ఈ సెమిస్టర్ సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్ నేను చెప్పాలి. పిల్లల్లో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సులో వచ్చేవాళ్లే. తెలివికి లోటు లేదు. కానీ ఈ సబ్జెక్టు దగ్గరికొచ్చేసరికి అందరూ బట్టీ పట్టేస్తారు. సిలబస్ వరస అలా ఉంది మరి: సిస్టమ్ అంటే ఏమిటి, దాని రకాలు, ఎస్‌డీఎల్‌సీ (సిస్టమ్ తయారీ మొదటి నుంచి చివరిదాకా) దశలు, ఫీజిబిలిటీలో (పని సాధ్యమేనా అన్న పరిశీలనలో) రకాలు, అనలిస్టుకు ఉండాల్సిన లక్షణాలు. బొమ్మ గీసే పని మూడో యూనిట్‌లో గానీ రాదు. అప్పటికే "ఇది థియరీ పేపరు" అని వాళ్ల మనసులో పడిపోయి ఉంటుంది.

నా దృష్టిలో ఇది థియరీ కానే కాదు. ఒక పని జరిగే చోటికి వెళ్లి, అక్కడ ఏ సమాచారం ఎవరి దగ్గర పుట్టి ఎవరి చేతికి చేరుతోందో చూసి, కాగితం మీద పెట్టి, ఆ పని చేసేవాళ్లకే చూపించి "అవును, ఇంతే" అనిపించుకోవాలి. ఈ సబ్జెక్టంటే అదే. మిగతావన్నీ అందుకు పనిముట్లు.

అందుకని మొదటి నెల నిర్వచనాలు పక్కనపెట్టి ఊళ్లో పాల కేంద్రంతో మొదలుపెడదామనుకుంటున్నాను. క్లాసులో సగం మంది ఇళ్లలో గేదెలున్నాయి. పొద్దున, సాయంత్రం పాలు పోయడం, వెన్న శాతం చూడటం, చీటీ తీసుకోవడం, పదిహేను రోజులకు బిల్లు రావడం వాళ్లకు తెలిసిన సంగతే. దాన్నుంచి కాంటెక్స్ట్ డయాగ్రమ్ (సిస్టమ్ అంతా ఒక గుండ్రం, చుట్టూ బయటివాళ్లు), డీఎఫ్‌డీ (డేటా ఎక్కడినుంచి ఎక్కడికి వెళుతోందో చూపే డేటా ఫ్లో డయాగ్రమ్), డేటా డిక్షనరీ (ప్రతి డేటా అంశానికి పేరు, అర్థం, యూనిట్ రాసిన పట్టిక), డెసిషన్ టేబుల్ (ఏ షరతులుంటే ఏం చేయాలో చూపే పట్టిక), ఈఆర్ డయాగ్రమ్ (వేటి డేటా ఉంచాలి, వాటి మధ్య సంబంధాలేమిటి చూపే బొమ్మ) అన్నీ రాబట్టవచ్చని నా నమ్మకం.

ఈ సబ్జెక్టు చెప్పినవాళ్లు, ఆఫీసుల్లో ఈ పని చేసినవాళ్లు, చదువుకుంటున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి. ఇంటర్నల్ మార్కులు ఎలా వేస్తే పిల్లలు కాపీ కొట్టకుండా ఉంటారో కూడా చెబితే మేలు.

---

మౌనిక_ఎంసీఏ | సోమవారం, రాత్రి 9:48

మాస్టారూ, మీ క్లాసులో కూర్చోవాలని ఉంది. డిగ్రీలో మా అందరి రికార్డులూ ఒకటే: లైబ్రరీ మేనేజ్‌మెంట్, ఏటీఎం, రైల్వే రిజర్వేషన్. సీనియర్ల రికార్డు తెచ్చుకుని పేరు, రోల్ నంబరు మార్చేవాళ్లు. వైవాలో "డీఎఫ్‌డీలో గుండ్రం దేన్ని చూపిస్తుంది" అని అడిగేవారు, "ప్రాసెస్" అంటే అయిపోయేది. మా కాలేజీ లైబ్రరీలో పుస్తకం పోతే ఏం చేస్తారో అడిగినవాళ్లు లేరు, మాకూ తెలియదు.

ఇప్పుడు ఎంసీఏలో ప్రాజెక్టు చేస్తుంటే ఆ లోటు తెలుస్తోంది. కోడ్ రాయడం వస్తుంది. ఏం రాయాలో ఎవరిని అడగాలి, ఎలా అడగాలి అన్నదే రావట్లేదు.

---

కోడ్_కిరణ్ | సోమవారం, రాత్రి 10:30

మాస్టారూ, మీ శ్రద్ధకు నమస్కారం. కానీ ఉన్నమాట చెబుతాను. నేను హైదరాబాద్‌లో ప్రోడక్ట్ కంపెనీలో ఉన్నాను. మా టీమ్‌లో ఎవరూ డీఎఫ్‌డీ గీయరు. యూజర్ స్టోరీ (వాడేవాళ్లకు ఏం కావాలో ఒక వాక్యం) రాస్తాం, రెండు వారాల స్ప్రింట్ (ఒక విడత పని), డెమో, మళ్లీ మార్పులు. 2001లో ఇలా విడతలుగా పనిచేయాలన్న అజైల్ మేనిఫెస్టో వచ్చాక, దశలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ముగించుకుంటూ వెళ్లే వాటర్‌ఫాల్ కాలం పోయింది. పిల్లలకు 1970ల పనిముట్లు నేర్పితే ఇంటర్వ్యూల్లో ఇబ్బంది పడతారు. ఆ టైమ్‌లో గిట్, ఏపీఐ డిజైన్, క్లౌడ్ చెబితే ఉద్యోగానికి పనికొస్తాయి కదా?

---

శ్రావణి_బీఏ | మంగళవారం, ఉదయం 7:15

కిరణ్ గారూ, నేను హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిజినెస్ అనలిస్టుని. మేమూ స్ప్రింట్లలోనే పనిచేస్తాం. అయినా మీతో ఒప్పుకోలేను.

ముందు వాటర్‌ఫాల్ సంగతి. విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన పేపర్‌లోని బొమ్మనే అందరూ వాటర్‌ఫాల్ అని చూపిస్తారు. ఆయన అందులో ఆ పేరే వాడలేదు. పైగా ఆ బొమ్మ గీసి, ఇలా ఒక్కసారి పైనుంచి కిందికి వెళ్లిపోవడం ప్రమాదం, టెస్టింగ్ దాకా వచ్చాక తప్పు బయటపడితే మళ్లీ మొదటికొస్తుంది అని హెచ్చరించాడు. కొత్త రకం సిస్టమ్ అయితే ముందు చిన్నగా ఒకసారి కట్టి చూసి, ఆ తర్వాత అసలుది కట్టమన్నాడు. మన పాఠాల్లో బొమ్మ మిగిలింది, హెచ్చరిక పోయింది. మాస్టారు ఎస్‌డీఎల్‌సీ చెప్పేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పినా చాలు.

ఇక డీఎఫ్‌డీ. సెక్యూరిటీ వాళ్లు థ్రెట్ మోడలింగ్ (దాడి ఎక్కడినుంచి రావచ్చో ముందే వెతకడం) చేసేటప్పుడు మొదట గీసేది డీఎఫ్‌డీనే. మైక్రోసాఫ్ట్ వాళ్ల థ్రెట్ మోడలింగ్ టూల్‌లో కూడా బొమ్మ అదే. డేటా ఎక్కడ ఒకరి హద్దు దాటి ఇంకొకరి హద్దులోకి వెళుతోందో తెలియాలంటే, డేటా దారి గీయక తప్పదు.

యూజర్ స్టోరీ రాయడం తేలిక. "రోగిగా నేను అపాయింట్‌మెంట్ రద్దు చేసుకోవాలి, డబ్బు వెనక్కి రావాలి" అని ఒక వాక్యంలో రాసేస్తాం. డబ్బు ఎవరి ఖాతాకు? ఇన్సూరెన్స్ కట్టింది ఎంత, రోగి కట్టింది ఎంత? డాక్టరే రాకపోతే? రోగి వచ్చి వెయిటింగ్ హాల్లో కూర్చుని వెళ్లిపోతే? ఈ ప్రశ్నలు అడగడం ఎక్కడ నేర్చుకుంటారు? క్లౌడ్ క్లాసులో అయితే కాదు.

---

కోడ్_కిరణ్ | మంగళవారం, ఉదయం 8:02

రాయిస్ సంగతి నాకు కొత్త. చదువుతాను మేడమ్. రద్దు ఉదాహరణ కూడా సరైనదే, మా దగ్గర రిఫండ్ స్టోరీలే ఎప్పుడూ స్ప్రింట్ దాటిపోతాయి.

---

నల్గొండ_యాదగిరి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

మాస్టారు సార్, నేను పాల కేంద్రాల్లో మిషన్లు, సాఫ్ట్‌వేర్ పెట్టి నడిపించే పని చేస్తున్న. మీరు మంచి ఉదాహరణే పట్టుకున్నరు. కానీ పిల్లలు పైపైన చూసి వస్తే "రైతు పాలు పోస్తడు, తూకం వేస్తరు, డబ్బులు ఇస్తరు" అని మూడు గుండ్రాలు గీస్తరు. లోపల ఎన్నున్నయో చెప్త.

ఒకటి, లీటరా కిలోనా? చాలా కేంద్రాల్లో పాలు లీటర్లలో చెప్పుకుంటరు, రేటు మాత్రం కిలో వెన్నకు ఉంటది. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు. ఒక రైతు పూటకు 8 లీటర్లు పోసిండు, వెన్న 7 శాతం, కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. 8 లీటర్లను 8.24 కిలోలు చేసి లెక్కేస్తే వెన్న 0.5768 కిలో, డబ్బులు 461.44. లీటరునే కిలో అనుకొని లెక్కేస్తే 448. పూటకు 13 రూపాయల 44 పైసల తేడా. రోజుకు రెండు పూటలు, పదిహేను రోజుల బిల్లుకు 403 రూపాయలు పైనే. ప్రోగ్రామ్‌లో ఎర్రర్ ఏమీ రాదు, చక్కగా నడుస్తది. డేటా డిక్షనరీలో "పరిమాణం" అని రాసి యూనిట్ రాయకపోతే జరిగేది ఇదే. డేటా డిక్షనరీ ఎందుకని పిల్లలు అడిగితే ఈ లెక్క బోర్డు మీద వేయండి.

రెండు, ఎస్ఎన్ఎఫ్, అంటే పాలల్ల వెన్న కాక మిగిలిన ఘన పదార్థం. లాక్టోమీటర్ రీడింగ్‌ను 4తో భాగించి, వెన్న శాతంలో పావు కలిపి, చివరకు ఒక అంకె కలుపుతరు. ఎక్కువగా కనిపించేది 0.44. కానీ ఆ చివరి అంకె అన్ని డెయిరీల్లో ఒకటే కాదు. ఇంటర్నెట్‌లో ఫార్ములా చూసి ప్రోగ్రామ్‌లో పెడితే రైతుకో డెయిరీకో దెబ్బ. "మీ దగ్గర ఏది కలుపుతరు, ఆ కాగితం చూపిస్తరా" అని అడగాలె.

మూడు, కరెంటు పోతది. మిషన్ ఆగితే సెక్రటరీ నోట్‌బుక్‌లో రాసుకుంటడు, కరెంటు వచ్చినంక ఎక్కిస్తడు. అప్పుడు కంప్యూటర్ ఏ టైమ్ వేస్తది? పొద్దటి పాలు సాయంత్రం ఖాతాలో పడితే రైతు ఊరుకోడు. పాలు పోసిన పూట వేరు, ఎక్కించిన టైమ్ వేరు. రెండూ వేరే వేరే కాలమ్‌లు కావాలె.

ఇంకా ఆవు పాలకు ఒక చార్టు, గేదె పాలకు ఒక చార్టు ఉంటయ్. దాణా బాకీ బిల్లులో పట్టుకునేది ఉంటది. పాలు పులిసినయని వెనక్కి పంపితే అది రాసేది ఎక్కడ?

---

డిగ్రీ_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:40

యాదగిరి గారూ, మీరు రాసింది ప్రింట్ తీసి క్లాసులో పెడతాను. లీటరు, కిలో లెక్క ఒక్కటి చాలు, ఒక గంట క్లాసు నిండుతుంది.

వెనక్కి పంపిన పాల మాట ఎత్తారు కాబట్టి డెసిషన్ టేబుల్ అక్కడే చెబుదామనిపిస్తోంది. మూడు ప్రశ్నలు పెడతాను: పోసినవాళ్లు సభ్యులా, వాసన రంగు బాగున్నాయా, కాచి చూస్తే విరగకుండా ఉన్నాయా. ఒక్కో దానికి అవును, కాదు. మొత్తం ఎనిమిది నిలువు వరసలు. పిల్లలు వాటిలో మూడో నాలుగో వెంటనే నింపుతారు. మిగతా వాటి దగ్గర ఆగిపోతారు: సభ్యుడు కాదు, పాలు మాత్రం బాగున్నాయి, అప్పుడేం చేస్తారు? కేంద్రానికి వెళ్లి అడిగిరావాలి. ఖాళీ వరస ఎవరి దగ్గరికి వెళ్లాలో చూపిస్తుంది. ఇఫ్-ఎల్స్ రాసుకుంటూ పోతే ఆ ఖాళీ కనబడదు, ఎల్స్‌లో కలిసిపోతుంది.

కిరణ్ గారి మాటకు కూడా ఒక సంగతి. వ్యాపారం పని కోసం కంప్యూటర్‌ను తొలిసారి రోజువారీగా నడిపింది కంప్యూటర్లు అమ్మే కంపెనీ కాదు. ఇంగ్లండ్‌లో టీ షాపులు, బేకరీలు నడిపే లయన్స్ సంస్థ. 1951లో లియో అనే సొంత కంప్యూటర్ మీద బేకరీ లెక్కలు వేయడం మొదలుపెట్టారు. తర్వాత టీ షాపులకు రోజూ ఏ సరుకు ఎంత పంపాలన్న పని దానికి అప్పజెప్పారు. ప్రతి షాపు రోజూ మొత్తం ఆర్డర్ పంపితే ఎక్కించలేరు. అందుకని ప్రతి షాపుకూ ఒక మామూలు ఆర్డర్ ముందే పెట్టి ఉంచారు. షాపు చూసుకునే ఆవిడ ఫోన్‌లో ఆ రోజు మార్పులు మాత్రమే చెప్పేది. డేవిడ్ కామినర్ ఆ పనులకు పెద్ద. ఇందులో మిషన్ గొప్పతనం కంటే, ఏ సమాచారం అసలు అడగక్కర్లేదో తేల్చినవాళ్ల గొప్పతనం ఎక్కువ. ఇదే అనాలిసిస్. ఇప్పుడు క్లౌడ్ ఉన్నా ఆ ఆలోచన మనిషే చేయాలి.

---

లక్ష్మి_గుంటూరు | బుధవారం, ఉదయం 6:50

నేను ఇంజినీరింగ్ కాలేజీలో యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్ డిజైన్‌ను బొమ్మల్లో చూపే పద్ధతి) ల్యాబ్ చూస్తాను. మౌనిక చెప్పిన లైబ్రరీ, రైల్వే ఉదాహరణల మీద అందరికీ చిరాకు. నాకు మాత్రం ఆ ఉదాహరణలు పాడైనవి అనిపించదు, వాటి లోతుకు మనం తీసుకెళ్లడం లేదు.

రైల్వే రిజర్వేషనే తీసుకోండి. మన దేశంలో కంప్యూటర్ మీద రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలైంది. తర్వాత ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కూడా కలిపి ఐదు కేంద్రాలు విడివిడిగా నడిచాయి. ఐదింటినీ కలిపే కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో మొట్టమొదట నడిచింది సికింద్రాబాద్‌లోనే. 1999కి ఐదూ ఒక నెట్‌వర్క్ అయ్యాయి. మన ఊరి కౌంటర్లో కూర్చుని ఎక్కడి నుంచి ఎక్కడికైనా టికెట్ తీయగలుగుతున్నామంటే దాని వెనక ఇంత ఉంది. పిల్లలకు ఇది చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

ఇక ల్యాబ్‌లో నేను "రైల్వే రిజర్వేషన్‌కు యూఎంఎల్ బొమ్మలన్నీ గీయండి" అని ఇవ్వను. ఒక్క టికెట్‌కు స్టేట్ డయాగ్రమ్ (అది ఏ స్థితి నుంచి ఏ స్థితికి మారుతుందో చూపే బొమ్మ) గీయమంటాను. కన్ఫర్మ్, ఆర్ఏసీ, వెయిటింగ్, రద్దు. పది నిమిషాల్లో గీసేస్తారు. అప్పుడు ప్రశ్నలు మొదలు. ముందున్న వాళ్లు రద్దు చేసుకుంటే ఏ బాణం కదులుతుంది? ఆర్ఏసీలో ఇద్దరు ఒకే సైడ్ లోయర్ మీద కూర్చుంటారు కదా, ఒకరికి బెర్త్ వస్తే రెండో వాళ్ల సంగతి? చార్ట్ తయారయ్యాక వెయిటింగ్‌లోనే మిగిలిన టికెట్ ఏమవుతుంది? ఇక్కడ అందరూ పడిపోతారు. ఆన్‌లైన్లో తీసిన టికెట్ అయితే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. కౌంటర్లో తీసినదైతే మనం వెళ్లి రద్దు చేసుకోవాలి. ఒకటే స్థితి, ఒకటే సంఘటన, కానీ టికెట్ ఎక్కడ తీశారన్నదాన్ని బట్టి దారి వేరు. దీన్ని గీయాలంటే బాణం మీద షరతు రాయక తప్పదు. గార్డ్ కండిషన్ అంటే ఏమిటని ఇక నిర్వచనం చెప్పక్కర్లేదు.

ఇంకో ముక్క. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. పిల్లల ప్రోగ్రామ్‌లలో ఆ 120 ఎన్ని చోట్ల రాశారో వెతికిస్తే, మారే నియమాన్ని కోడ్‌లో కాకుండా టేబుల్‌లో ఎందుకు పెట్టాలో వాళ్లకే అర్థమవుతుంది.

---

సుబ్బారావు_రిటైర్డ్ | బుధవారం, సాయంత్రం 5:30

పిల్లలూ, మాస్టార్లూ, నేను కంప్యూటర్ చదువు చదివినవాణ్ని కాదు. రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఈ చర్చ చదివాక నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాలనిపించింది.

కంప్యూటర్లు రాకముందు దస్తావేజు రిజిస్టరు చేశాక దాన్ని చేత్తో పుస్తకంలోకి ఎక్కించేవాళ్లం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏ పుస్తకంలో ఏది రాయాలో చెప్పింది. 1వ పుస్తకం స్థిరాస్తి దస్తావేజులకు. 3వది వీలునామాలకు. 4వది ఇతరత్రా వాటికి. 2వ పుస్తకం దేనికో తెలుసా? రిజిస్టరు చేయడానికి నిరాకరిస్తే ఆ కారణాలు రాయడానికి. యాదగిరి గారు అడిగారు కదా, వెనక్కి పంపిన పాలు ఎక్కడ రాయాలని. ఆ చట్టం చేసినవాళ్లు కాదన్నదానికి కూడా ఒక పుస్తకం పెట్టారు. ఈ కాలం సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో "రిజెక్టెడ్" అని ఎర్రగా వస్తుంది, ఎందుకన్నది ఎక్కడా ఉండదు.

ఇంకా చూడండి. ఆ పుస్తకాలకు ఇండెక్సులు ఉంటాయి. ఇండెక్స్-1 మనుషుల పేర్ల వరస. ఇండెక్స్-2 ఆస్తుల వరస: ఊరు, సర్వే నంబరు, హద్దులు. దస్తావేజు ఒక్కటే, దాన్ని వెతికే దారులు రెండు. ఎవరైనా ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) కావాలని వస్తే, అడిగినన్ని సంవత్సరాల ఇండెక్సులు తిరగేసి, దొరికిన ప్రతి పేజీ తీసి చూసి రాసిచ్చేవాళ్లం. మా మనవడు డేటాబేస్‌లో ఇండెక్స్ పాఠం చదువుతుంటే విని, ఇది మా ఆఫీసులో ఉన్నదే కదరా అన్నాను.

1998లో కార్డ్ అని కంప్యూటర్ పద్ధతి వచ్చింది. ఈసీ వెతుకులాట రోజుల నుంచి నిమిషాల్లోకి దిగింది. అయితే కంప్యూటర్ వచ్చాక పేర్ల దగ్గర కొత్త చిక్కు. పుస్తకంలో వెతికే గుమాస్తా "వేంకటేశ్వర్లు", "వెంకటేశ్వర్లు" రెండూ చూసేవాడు, ఇంటిపేరు ముందున్నా వెనకున్నా పట్టేవాడు. మిషన్‌కు ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే మనిషే. ఆ గుమాస్తా బుర్రలో ఉన్నది ఎవరూ కాగితం మీద రాసుకోకపోతే, కొత్త పద్ధతిలో అది ఉండదు. మీ పిల్లల్ని ఇలాంటివాళ్ల పక్కన కూర్చోబెట్టండి.

---

డిగ్రీ_మాస్టారు | బుధవారం, రాత్రి 9:25

సుబ్బారావు గారూ, పాదాభివందనం. 2వ పుస్తకం మాట విన్నాక నా ప్లాన్‌లో ఒక మార్పు చేశాను. ప్రతి జట్టూ తాము చూసిన చోట "కాదన్నది ఎక్కడ రాస్తారు" అని తప్పనిసరిగా అడిగి రావాలి. ఎక్కడా రాయరు అన్నది జవాబైనా సరే, అదే రాయాలి.

---

శ్రావణి_బీఏ | గురువారం, ఉదయం 7:05

మాస్టారూ, పిల్లల్ని పంపేముందు ఎలా అడగాలో ఒక క్లాసు తీసుకోండి. "మీరు ఈ పని ఎలా చేస్తారు" అని అడిగితే ఎవరైనా రూల్ ప్రకారం చెబుతారు. "నిన్న సాయంత్రం చివరగా వచ్చినవాళ్ల పాలు ఎలా రాశారో చూపిస్తారా" అని అడిగితే జరిగింది చెబుతారు. రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే మన పని ఉంటుంది.

ఖాళీ ఫారం తీసుకుని వచ్చేస్తారు పిల్లలు. ఖాళీ ఫారం కాదు, నింపిన రిజిస్టర్ చూడమనండి. నేను మొదటిసారి ఒక ఆసుపత్రిలో ఓపీ రిజిస్టర్ చూసినప్పుడు, పేరు కాలమ్ పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో చిన్న చిన్న గుర్తులు. కొన్ని పేర్ల పక్కన "మ", కొన్నింటి పక్కన చుక్క. అడిగితే కౌంటర్ అమ్మాయి చెప్పింది: "మ" అంటే మళ్లీ వచ్చినవాళ్లు, వారంలోపు వస్తే ఫీజు లేదు. చుక్క అంటే రిపోర్టు కోసం కూర్చున్నవాళ్లు, వాళ్లను మధ్యలో లోపలికి పంపాలి. రిజిస్టర్ అచ్చు వేసినవాళ్లకు తెలియని రెండు నియమాలు ఆ మార్జిన్లో ఉన్నాయి. మాకు ఇచ్చిన రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఆ రెండూ లేవు. మార్జిన్లు, గీతలు కొట్టేసిన చోట్లు, వెనక పేజీలు, గోడకు అంటించిన కాగితాలు చూడమనండి.

ఒక జాగ్రత్త. నింపిన రిజిస్టర్లో ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఫోటోలు తీయవద్దని గట్టిగా చెప్పండి. చేత్తో కాలమ్‌ల పేర్లు రాసుకుని, ఊహించిన పేర్లతో రెండు మూడు వరసలు నింపుకుంటే చాలు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. అంతకంటే ముందు, నమ్మి రిజిస్టర్ చూపించినవాళ్ల పట్ల మర్యాద అది.

---

లక్ష్మి_గుంటూరు | గురువారం, ఉదయం 11:40

శ్రావణి గారి మార్జిన్ మాట బంగారం.

డీఎఫ్‌డీ దిద్దేటప్పుడు నేను చూసేవి కొన్ని చెబుతాను. అన్నిటికంటే ఎక్కువ వచ్చే తప్పు, డీఎఫ్‌డీ పేరుతో ఫ్లోచార్ట్ గీయడం. డీఎఫ్‌డీలో ముందు వెనకలు ఉండవు, "అవును అయితే ఇటు" ఉండదు. డేటా ఎక్కడినుంచి ఎక్కడికి అన్నదొక్కటే. ఆ సంగతి పట్టుబడేదాకా ఇంకే నోటేషనూ చెప్పవద్దు. నేనైతే బాణం మీద నామవాచకం, గుండ్రంలో క్రియ అని నియమం పెడతాను. బాణం మీద "పాలు పరీక్షించు" అని రాశారంటే అది ఫ్లోచార్ట్ అయిపోయింది. "వెన్న శాతం" అని ఉంటే డేటా.

తర్వాత, లోపలికి డేటా వెళ్లి ఏమీ బయటికి రాని గుండ్రం. దాన్ని బ్లాక్ హోల్ అంటారు. దానికి ఎదురు, లోపలికి ఏమీ రాకుండానే బిల్లు బయటికి వచ్చే గుండ్రం. ఈ రెండోది పిల్లలు గమనించరు: "బిల్లు తయారు" అనే గుండ్రానికి రేటు చార్టు నుంచి బాణం ఉండదు, మరి రేటు ఎక్కడిది? ఇంకా, ఒక స్టోర్ (డేటా దాచే చోటు) నుంచి ఇంకో స్టోర్‌కు నేరుగా బాణం ఉండకూడదు, మధ్యలో ఎవరో పని చేయాలి. కాంటెక్స్ట్ డయాగ్రమ్‌లో ఉన్న ప్రతి బాణమూ కింది లెవెల్లో కనిపించాలి, కింద కొత్తగా పుట్టుకొస్తే పైకి వెళ్లి దిద్దాలి. ఈ బ్యాలెన్సింగ్ ఒక్కటి శ్రద్ధగా చేయిస్తే బొమ్మ తనే తప్పులు చూపిస్తుంది.

టూల్ గురించి అడగకపోయినా చెబుతున్నాను: మొదటి నెల టూల్ వద్దు. స్టార్‌యూఎంఎల్ లాంటిది తెరిస్తే పిల్లల ధ్యాసంతా డబ్బాలు వరసగా పేర్చడం మీదికి పోతుంది. పెన్సిల్, రబ్బరు చాలు. చెరిపేయడానికి మనసొప్పే బొమ్మ కావాలి.

---

మౌనిక_ఎంసీఏ | గురువారం, రాత్రి 8:15

మార్కుల గురించి ఒక విద్యార్థిగా చెబుతాను మాస్టారూ. అందరికీ ఒకే ఉదాహరణ ఇస్తే ఎంత మంచి ఉదాహరణ అయినా రెండో ఏడాదికి రికార్డు తయారైపోతుంది. పాల కేంద్రం క్లాసులో చెప్పండి, అసైన్‌మెంట్‌కు మాత్రం ఒక్కో జట్టుకు ఒక్కో చోటు ఇవ్వండి. మందుల షాపు, రేషన్ షాపు, ధాన్యం కొనుగోలు కేంద్రం, మీసేవ, హాస్టల్ మెస్, చిట్టీ, టెంట్ హౌస్. పది ఊళ్ల పిల్లలు పది చోట్లు చూసొస్తారు.

ఇంకోటి, బొమ్మ అందంగా ఉందా అని కాకుండా "అక్కడివాళ్లను అడిగాక మీ బొమ్మలో ఏం మార్చారు" అన్నదానికి మార్కులు వేయండి. మొదటి బొమ్మ, చివరి బొమ్మ రెండూ పెట్టమనండి. కాపీ కొట్టేవాళ్ల దగ్గర చివరి బొమ్మ ఒక్కటే ఉంటుంది.

---

కోడ్_కిరణ్ | గురువారం, రాత్రి 9:00

మౌనిక గారి రెండు బొమ్మల ఐడియా నాకు బాగా నచ్చింది. మా కోడ్ రివ్యూలో మేం చూసేది కూడా అదే, ఏం మారింది, ఎందుకు మారింది. మాస్టారూ, నేనూ ఒక మాట సాయం పడతాను. చివరి రెండు వారాల్లో ఏదో ఒక శనివారం ఆన్‌లైన్లో మీ క్లాసుకు వస్తాను. పిల్లల డీఎఫ్‌డీ, డెసిషన్ టేబుల్ తీసుకుని వాటినే యూజర్ స్టోరీలుగా, టెస్ట్ కేసులుగా ఎలా మార్చాలో చూపిస్తాను. ఎనిమిది వరసల టేబుల్ ఉంటే ఎనిమిది టెస్ట్ కేసులు రాసి ఉన్నట్టే. అప్పుడు ఇంటర్వ్యూలో కూడా ధైర్యంగా చెప్పుకోగలుగుతారు.

---

డిగ్రీ_మాస్టారు | శుక్రవారం, రాత్రి 8:50

కిరణ్ గారూ, తప్పకుండా రండి. తేదీ మెసేజ్ పెడతాను.

ఇప్పటికి అనుకున్న వరస ఇది. మొదటి వారం పాల కేంద్రానికి వెళ్లడం, నింపిన రిజిస్టర్ చూడటం, ఎవరెవరు బయటివాళ్లో ఒక పెద్ద గుండ్రం చుట్టూ గీయడం. రెండో వారం దాన్ని విప్పి డీఎఫ్‌డీ, యాదగిరి గారి లెక్కతో డేటా డిక్షనరీ. మూడో వారం డెసిషన్ టేబుల్, ఖాళీ వరసలు పట్టుకుని మళ్లీ కేంద్రానికి. నాలుగో వారం ఈఆర్ డయాగ్రమ్, అప్పుడు ఆ బొమ్మను ప్రతిపాదించిన పీటర్ చెన్ 1976 పేపర్ గురించి నాలుగు మాటలు. ఎస్‌డీఎల్‌సీ, ఫీజిబిలిటీ ఆ తర్వాతే. అప్పటికి ఆ దశలన్నీ వాళ్లు చేసే ఉంటారు, పేర్లు పెట్టడమే మిగులుతుంది. ఇంటర్నల్‌లో నా చేతిలో ఉన్న మార్కుల్లో సగం మౌనిక చెప్పిన రెండు బొమ్మలకే.

---

మౌనిక_ఎంసీఏ | శుక్రవారం, రాత్రి 9:20

సంతోషం మాస్టారూ. ఒక సందేహం. లక్ష్మి మేడమ్ రేటు చార్టు నుంచి బాణం ఉండాలన్నారు. రేటు చార్టును డేటా స్టోర్‌గా గీయాలా? అది డెయిరీ వాళ్లు పంపేది కదా, అప్పుడు బయటి ఎంటిటీ అవ్వాలి కదా?

---

లక్ష్మి_గుంటూరు | శుక్రవారం, రాత్రి 9:45

బయటివాళ్లు డెయిరీ, చార్టు కాదమ్మా. డెయిరీ ఎంటిటీ. వాళ్ల నుంచి "కొత్త రేట్లు" అనే బాణం "రేట్లు మార్చు" అనే ప్రాసెస్‌లోకి వస్తుంది, అక్కడినుంచి రేటు చార్టు అనే స్టోర్‌లోకి వెళుతుంది. బిల్లు వేసే ప్రాసెస్ ఆ స్టోర్ నుంచి చదువుకుంటుంది. "రేట్లు మార్చు" అనే గుండ్రం చాలామంది గీయరు. గీయకపోతే రేటు మార్చే స్క్రీన్ కట్టడం మర్చిపోతారు.

---

నల్గొండ_యాదగిరి | శుక్రవారం, రాత్రి 10:05

మేడమ్ చెప్పింది కరెక్ట్. దానికి ఒకటి కలపండి. పాత రేటు చెరిపి కొత్తది రాయొద్దు. పదిహేను రోజుల బిల్లు మధ్యలో రేటు మారుతది. పదో తారీఖు సాయంత్రం నుంచి కొత్త రేటు అంటే, పదో తారీఖు పొద్దటి పాలకు పాతదే వేయాలె. అందుకని చార్టులో ప్రతి వరసకూ "ఎప్పటినుంచి" అనే కాలమ్ ఉండాలె, అందులో తారీఖు ఒక్కటే కాదు, ఏ పూట నుంచో కూడా ఉండాలె.